డి డ్రైవ్‌లో దాచుకున్నవి

మా అన్నయ్య కొడుకు హైదరాబాద్‌లో హాస్టల్లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నాడు. మొన్నామధ్య రాత్రి పదిన్నరకి ఫోన్ చేశాడు.

'బాబాయ్, ల్యాప్‌టాప్‌లో వైరస్ పడింది. రెండు యాంటీవైరస్‌లు వేసి చూశాను. పోయిందంటాయి. రీస్టార్ట్ చేస్తే మళ్ళీ ఉంటుంది. ఏం చెయ్యమంటావ్?'

'మొత్తం తుడిచేసి విండోస్ కొత్తగా వేసుకో.'

'అదొక్కటే మార్గమా?'

'మార్గాలు చాలా ఉంటాయి. నిద్రపట్టే మార్గం మాత్రం అదొక్కటే. ముందు ఒక పని చెయ్. అందులో ఏమేం దాచుకోవాలనుకుంటున్నావో కాగితం మీద రాసి ఫొటో తీసి పంపు.'

వాడు నవ్వాడు. వైరస్ సంగతి అడిగితే సామాన్ల చిట్టా అడుగుతాడేమిటి ఈయన అనుకున్నట్టున్నాడు. ఆ చిట్టా రాసుకోకపోవడం వల్లే 2009లో నేను ఒకే కంప్యూటర్‌ని మూడుసార్లు ఫార్మాట్ చేశానని వాడికేం తెలుసు!

అప్పట్లో తెనాలిలో నాకో చిన్న డీటీపీ సెంటర్ ఉండేది. పదడుగుల గది, ఒక కంప్యూటరు, ఒక లేజర్ ప్రింటరు, పది నిమిషాలు మాత్రమే నిలబడే యూపీఎస్. శుభలేఖలు, కరపత్రాలు, స్కూళ్ళ ప్రశ్నపత్రాలు, పెద్దకర్మ కార్డులు... ఏదొస్తే అది పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కంపోజ్ చెయ్యడం, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని స్కూటర్ మీద ప్రెస్సుకి పరిగెత్తడం. ఆ పెన్‌డ్రైవ్ తాళంచెవుల గుత్తికే వేలాడుతుండేది. ఎవరింటికెళ్ళినా, ఏ ఆఫీసుకెళ్ళినా అది నా వెంటే.

ఆ ఏడాది మాఘమాసం. పెళ్ళిళ్ళ పని పీకలదాకా ఉంది. ఏప్రిల్‌లో ఎన్నికలు కూడా ఉన్నాయి కాబట్టి ఆ కరపత్రాల పనీ వస్తుందని ఆశగా ఉన్నాను. ఒకరోజు పొద్దున్నే కంప్యూటరు బండరాయిలా కదలకుండా కూర్చుంది. ఏ ప్రోగ్రామ్ దాన్ని తినేస్తోందో చూద్దామని కంట్రోల్, ఆల్ట్, డిలీట్ మూడూ నొక్కాను. 'టాస్క్ మేనేజర్‌ని మీ అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు' అని చిన్న పెట్టె వచ్చింది. ఆ కంప్యూటర్‌కి అడ్మినిస్ట్రేటర్ని నేనే. గదిలో ఇంకో మనిషి కూడా లేడు!

రిజిస్ట్రీ తెరుద్దామంటే అదే జవాబు. సేఫ్ మోడ్‌లో లేపుదామంటే నీలిరంగు తెర పడి మళ్ళీ మొదటికొచ్చేది. గడియారం పక్కన ఉండాల్సిన యాంటీవైరస్ బొమ్మ కనబడటం మానేసింది. అన్నిటికంటే విచిత్రం, ఇంటర్నెట్‌లో పేపర్లు తెరుచుకునేవి, మెయిల్ తెరుచుకునేది, యాంటీవైరస్ కంపెనీల సైట్లు మాత్రం ఒక్కటీ తెరుచుకునేది కాదు. రోగం వచ్చినవాణ్ణి ఆస్పత్రి గుమ్మం తొక్కనివ్వకుండా ఆపే రోగమన్నమాట.

దాని పేరు సాలిటీ అని తరవాత తెలిసింది. 2003 నుంచీ తిరుగుతున్నదే. అది విడిగా ఒక ఫైలుగా ఉండి ఊరుకోదు. కంప్యూటర్లో ఉన్న ప్రోగ్రాముల్లోకి, అంటే చివర ఈఎక్స్ఈ అని ఉండే ఫైళ్ళలోకి దూరి వాటిలో భాగమైపోతుంది. పేజ్‌మేకర్ తెరిస్తే పేజ్‌మేకర్‌తో పాటు అదీ లేస్తుంది. కాలిక్యులేటర్ తెరిస్తే దాంతోనూ లేస్తుంది. దూరిన ప్రతిచోటా రూపం మార్చుకుంటుంది కాబట్టి యాంటీవైరస్ కొన్నిటిని గుర్తుపడుతుంది, కొన్నిటిని వదిలేస్తుంది. ఆ వదిలేసిన ఒక్కటి నడిస్తే చాలు, మిగతావన్నీ మళ్ళీ మొదలు. మా వైపు పొలాల్లో తుంగ తెలిసినవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. పైన ఎంత పీకినా కింద గడ్డ ఉంటుంది. అందుకే ఇలాంటివాటికి మందులు వాడుతూ కూర్చోవడంకన్నా డిస్కు తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదటినుంచీ వేసుకోవడమే నయమంటారు.

హార్డ్‌వేర్ కుర్రాణ్ణి పిలిచాను. అతను బ్యాగులోంచి మార్కర్ పెన్నుతో 'ఎక్స్‌పీ' అని రాసి ఉన్న సీడీ తీశాడు. సి డ్రైవ్ మాత్రం ఫార్మాట్ చేస్తానన్నాడు. 'మీ డేటా డి డ్రైవ్‌లో ఉంది కదా సార్, దాన్ని ముట్టుకోను' అంటే ఎంత సంతోషించానో! నీలం తెర మీద తెల్ల అక్షరాలు, పసుపు గీత నెమ్మదిగా పాకడం, ఆ తరవాత 'ఇంకా 39 నిమిషాలు' అంటూ మొదలయ్యే లెక్క. ఆ 39 నిమిషాల్లో కరెంటు పోకూడదని దణ్ణం పెట్టుకున్నాను. చివరికి ఆ పచ్చటి గుట్ట, పైన నీలాకాశం, తెల్ల మబ్బులు. ఆ బొమ్మ 1996లో చార్లెస్ ఓరియర్ అనే ఫొటోగ్రాఫర్ కాలిఫోర్నియాలో తీసిన ఫొటో అట. ఆరోజు నాకది పుట్టింటి దారిలా కనిపించింది.

కుర్రాడు డబ్బులు తీసుకుని వెళ్ళిపోయాడు. నేను మై కంప్యూటర్ తెరిచి డి డ్రైవ్ మీద రెండుసార్లు క్లిక్ చేశాను. అంతే. సాయంత్రానికి టాస్క్ మేనేజర్‌ని మళ్ళీ ఆ కనబడని అడ్మినిస్ట్రేటర్ నిలిపివేశారు.

ఎక్స్‌పీలో ఒక అలవాటు ఉండేది. డ్రైవ్‌లో ఆటోరన్ అనే చిన్న ఫైలు ఉంటే, ఆ డ్రైవ్ మీద డబుల్ క్లిక్ చెయ్యగానే అందులో రాసి ఉన్న ప్రోగ్రామ్‌ని అడక్కుండా నడిపేది. పాటల సీడీలకీ, పాఠాల సీడీలకీ సుఖంగా ఉంటుందని పెట్టిన ఏర్పాటు. దాన్ని వైరస్‌లు వాడుకున్నాయి. ప్రతి డ్రైవ్‌లో, ప్రతి పెన్‌డ్రైవ్‌లో కనబడకుండా ఒక ఆటోరన్ ఫైలు, పక్కనే పిచ్చి పేరుతో తమ కాపీ ఒకటి పెట్టేసేవి. అంటే మేం ఇల్లంతా కడిగి, దొంగని పెరటి గదిలో ఉంచి, ఆ గది తలుపు మా చేత్తో మేమే తీశామన్నమాట. ఆ అలవాటు విండోస్ 7లో పెన్‌డ్రైవ్‌లకి మొదటినుంచీ లేదు. ఎక్స్‌పీలో కూడా 2011 ఫిబ్రవరిలో వచ్చిన అప్‌డేట్‌తో పోయింది. నాకు రెండేళ్ళు ఆలస్యమైంది, అంతే.

రెండోసారి నేనే పూనుకున్నాను. ఆ రోజుల్లో ఉబుంటు లినక్స్ సీడీలు అడిగినవాళ్ళకి ఉచితంగా పోస్టులో పంపేవారు. 2011 దాకా నడిచింది ఆ పథకం. నేను ఊరికే వస్తోంది కదా అని తెప్పించి అట్టతో సహా అలమరలో పెట్టుకున్నాను. ఇప్పుడు దాన్ని పెట్టి కంప్యూటర్ని సీడీ మీదనుంచే లేపాను. విండోస్ అసలు నిద్రలేవలేదు కాబట్టి వైరస్ కూడా లేవలేదు. డి డ్రైవ్ తెరిస్తే ఇన్నాళ్ళూ కనబడని ఆటోరన్ ఫైలు, దాని పక్కనే ఆ పిచ్చి పేరు ఫైలు, ఉత్తి ఫైళ్ళలా పడి ఉన్నాయి. రెండిటినీ డిలీట్ చేశాను. యుద్ధం గెలిచినంత సంబరం. సి డ్రైవ్ మళ్ళీ ఫార్మాట్ చేసి ఎక్స్‌పీ వేశాను.

ఈసారి నన్ను ముంచింది 'సాఫ్ట్‌వేర్లు' అనే ఫోల్డరు. నాలుగేళ్ళుగా కూడబెట్టింది. ఫాంట్ల సెటప్‌లు, ప్రింటర్ డ్రైవర్లు, ఫొటోలు దిద్దేవి, పాటలు కత్తిరించేవి, ఎందుకో కూడా తెలియనివి. ఎవరి దగ్గరికెళ్ళినా 'కొత్తవేమన్నా ఉన్నాయా' అని అడిగి ఎక్కించుకున్నవి. అన్నీ ఈఎక్స్ఈలే. సాలిటీకి కావలసిన తిండి అదే కదా! ఆటోరన్ తీసేశాను గానీ ఆ ఫోల్డర్‌లో ప్రతి సెటప్‌లోనూ అది కూర్చునే ఉంది. అను ఫాంట్లు వెయ్యడానికి ఆ ఫోల్డర్‌లోంచి సెటప్ నడిపాను. కథ మళ్ళీ మొదలు.

ఆ రాత్రి షాపులో ఒక్కణ్ణే కూర్చుని డి డ్రైవ్‌లో ఏముందో మొదటిసారి నిజంగా చూశాను. నేను టైపు చేసినవన్నీ, శుభలేఖలు, ప్రశ్నపత్రాలు, ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు రాసిన వాళ్ళ ఊరి చరిత్ర రెండొందల పేజీలు, వాటికేమీ కాలేదు. పేజ్‌మేకర్ ఫైళ్ళు గానీ ఫొటోలు గానీ ప్రోగ్రాములు కావు. ఈ వైరస్ వాటిలో దూరదు. పాడైనదంతా నేను చెయ్యనిది, ఊళ్ళోవాళ్ళ దగ్గర పోగేసింది. ఆ సంగతి అర్థమయ్యాక కూడా ఆ ఫోల్డరు డిలీట్ చెయ్యడానికి అరగంట పట్టింది. ఆశ అలాంటిది.

ఇంకో సంగతీ ఒప్పుకోవాలి. నా కంప్యూటర్లో ఉన్న విండోస్ డబ్బు పెట్టి కొన్నది కాదు. అసెంబుల్ చేయించుకున్నప్పుడు 'వేసి ఇచ్చిందే'. మార్కర్ పెన్నుతో పేరు రాసిన సీడీ లోపల ఏముందో ఆ కుర్రాడికీ తెలియదు, నాకూ తెలియదు. మురికి నీళ్ళతో గిన్నెలు కడుగుతూ శుభ్రం కాలేదేమిటా అనుకోవడం ఎంత తెలివితక్కువ! మూడోసారికి అసలు సీడీ కొన్నాను. షాపు నెల అద్దెకంటే ఎక్కువైంది. మదర్‌బోర్డుతో వచ్చిన డ్రైవర్ల సీడీ వెతికి పట్టుకున్నాను. ఫ్యాక్టరీలో అచ్చొత్తిన సీడీలోకి వైరస్ ఎక్కలేదు కాబట్టి దాన్ని నమ్మచ్చు. నేను చేసిన ఫైళ్ళని మాత్రం ఉబుంటులోంచి రెండు సీడీల మీదకి రాసుకుని, సి, డి రెండూ తీసేసి, మొత్తం డిస్కు ఫార్మాట్ చేశాను. క్విక్ ఫార్మాట్ కాదు, పూర్తిది. అప్‌డేట్లు వేసేదాకా ఇంటర్నెట్ తీగ పీకి పక్కన పెట్టాను. 2008 నవంబరు నుంచీ కాన్‌ఫికర్ అనే పురుగు తిరుగుతోంది, ప్యాచ్ లేని కంప్యూటరు నెట్‌వర్క్‌లో కనబడితే చాలు దూరేది.

తొమ్మిది రోజులు హాయిగా గడిచాయి. పదో రోజు ప్రెస్సు నుంచి వచ్చి పెన్‌డ్రైవ్ పెట్టాను. షిఫ్ట్ నొక్కి పట్టుకుని పెట్టడం అప్పటికి నేర్చుకున్నాను, అదే రక్షించింది. చూస్తే ఆటోరన్ ఫైలు ఉంది. పొద్దున్న నేను పట్టుకెళ్ళినప్పుడు లేదు.

కోపంగా ప్రెస్సుకి వెళ్ళాను. 'మీ కంప్యూటర్లో వైరస్ ఉందండీ, నాకు అంటిస్తున్నారు' అన్నాను. ప్రెస్సు ఓనరుగారు పెద్దమనిషి. కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, 'ఉందయ్యా, నాకూ తెలుసు. నువ్వు సంక్రాంతి తరవాత ఆ రైసుమిల్లు వాళ్ళ శుభలేఖ తెచ్చిన మర్నాటినుంచీ ఉంది. సీజన్లో నిన్ను ఇబ్బంది పెట్టడమెందుకని అనలేదు' అన్నారు.

నాకు నోట మాట రాలేదు.

షాపుకొచ్చి బాకీల పుస్తకం తీశాను. సంక్రాంతి తరవాత పెన్‌డ్రైవ్ పట్టుకుని ఎక్కడెక్కడికి వెళ్ళానో అందులో తారీకులతో సహా ఉంది. ప్రెస్సు, ఒక స్కూలు ఆఫీసు, ఊరి చరిత్ర రాసిన మాస్టారిల్లు, ఒక కాంట్రాక్టరు ఆఫీసు. నాలుగుచోట్లా నా తాళంచెవుల గుత్తే తిరిగింది.

స్కూలు క్లర్కు, పదో తరగతి పిల్లల వివరాలన్నీ అందులోనే ఉన్నాయని వారంగా భయపడుతున్నాడు. కాంట్రాక్టరుగారు నేను చెప్పిందంతా విని 'సరే, చూసుకుంటాం' అన్నారు. ఆ తరవాత ఆయన నాకు ఒక్క పని కూడా ఇవ్వలేదు. తప్పు పట్టలేను.

మాస్టారింటికి వెళ్ళడమే కష్టమైంది. అమెరికాలో ఉన్న కొడుకు కొనిచ్చిన కంప్యూటరు అది. ఆదివారం రాత్రిళ్ళు అందులో కొడుకునీ, మూడేళ్ళ మనవణ్ణీ చూసుకునేవారు. నేను ప్రూఫులు చూపించడానికి వెళ్ళి పెన్‌డ్రైవ్ పెట్టాక నాలుగు వారాలుగా కెమెరా మాట వినడం లేదట, తెర నిలబడిపోతోందట. 'నేనే ఏదో నొక్కుంటాను బాబూ, ఈ వయసులో నాకెందుకివన్నీ' అన్నారు. రిపేరుకి ఇద్దామంటే, పాడుచేశానని కొడుక్కి తెలుస్తుందని మొహమాటం. పైగా మాస్టారి భార్య నెలరోజులుగా 'ఊరుకోకుండా కెలుకుతారు' అని సాధిస్తున్నారు.

'మీరేం నొక్కలేదు మాస్టారూ. అది నా పెన్‌డ్రైవ్‌లోంచి వచ్చింది' అన్నాను.

ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరవాత లోపలికి తిరిగి, 'ఇదిగో, ఇలా ఒకసారి రా' అని భార్యని పిలిచి, నాతో 'ఆ మాట ఈవిడకి కూడా చెప్పు' అన్నారు. చెప్పాను. ఆవిడ నావైపు చూసి, మాస్టారివైపు చూసి, ఏమీ అనకుండా లోపలికెళ్ళి కాఫీ తెచ్చారు. ముందు ఆయనకే ఇచ్చారు.

ఒక్కొక్క కంప్యూటరు ఒక్కొక్క రోజు బాగుచేస్తే లాభం లేదు, ఒకదానినుంచి ఒకదానికి మళ్ళీ వస్తుందని నాకు బాగా తెలిసింది. దేశమంతా పిల్లలందరికీ ఒకే ఆదివారం పోలియో చుక్కలు వెయ్యడం 1995 నుంచీ చూస్తున్నాం కదా, అలా అన్నీ ఒకే రోజు చెయ్యాలన్నాను. ప్రెస్సు ఓనరుగారు పెళ్ళిళ్ళ సీజన్లో మెషీన్ ఆపడమా అని మొదట ససేమిరా అన్నారు. ముహూర్తాలు లేని ఆదివారం ఒకటి వెతికి ఒప్పించాను. ప్రెస్సువీ, స్కూలువీ, మాస్టారివీ కంపెనీ కంప్యూటర్లే, ముగ్గురికీ విండోస్ సీడీలు వాటితోనే వచ్చాయి. స్కూలు వాళ్ళది హెడ్మాస్టరుగారి బీరువాలో సీలు కూడా విప్పకుండా ఉంది. దొంగది వాడిన వాణ్ణి మొత్తం నలుగురిలో నేనొక్కణ్ణే.

ఆ ఆదివారం పొద్దున్న ఆరింటికి మొదలుపెడితే రాత్రి తొమ్మిదయింది. ప్రతిచోటా ముందు ఉబుంటు, ఫైళ్ళు సీడీ మీదకి, తరవాత డిస్కు మొత్తం తుడవడం, ఎక్స్‌పీ, మూడో సర్వీస్ ప్యాక్, ప్యాచ్‌లు. ఒకచోట 39 నిమిషాలు నడుస్తుంటే స్కూటర్ మీద ఇంకోచోటికి. స్కూల్లో మధ్యలో కరెంటు పోయి మళ్ళీ మొదటినుంచీ చెయ్యాల్సి వచ్చింది. మాస్టారింట్లో ఆఖర్న కెమెరా డ్రైవరు దొరక్క గంట పట్టింది. చివరికి మనవడు తెర మీద కనబడేసరికి నేను గుమ్మంలో చెప్పులు వేసుకుంటున్నాను. వెనక్కి పిలుస్తారేమోనని త్వరగా వచ్చేశాను.

ఆ తరవాత షాపు ఉన్నన్నాళ్ళూ పెన్‌డ్రైవ్ బయటికి తీసుకెళ్ళలేదు. ఎవరికిచ్చినా కొత్త సీడీ మీద రాసి ఇచ్చేవాణ్ణి. దాని ఖరీదు బిల్లులో వెయ్యలేదు.

ఎక్స్‌పీకి మద్దతు 2014 ఏప్రిల్ 8తో ఆగిపోయింది. ఇప్పటి పని చాలా తేలిక. ఇంకో మంచి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైటు నుంచే విండోస్‌ని ఎనిమిది జీబీల పెన్‌డ్రైవ్‌లోకి దింపుకుని, దానిమీదనుంచి లేపి, ఉన్న పార్టిషన్లన్నీ తీసేసి వేసుకోవచ్చు. లైసెన్సు ఆ మెషీన్‌కే ముడిపడి ఉంటుంది కాబట్టి సాధారణంగా పాతిక అక్షరాల కీ కొట్టే పని కూడా లేదు. విండోస్‌లోనే 'రీసెట్' అని ఉంటుంది గానీ, అందులో 'నా ఫైళ్ళు ఉంచు' అన్నది నొక్కేవాళ్ళని చూస్తే నాకు నా డి డ్రైవే గుర్తొస్తుంది. 2018లో బయటపడిన లోజాక్స్ లాంటివి మదర్‌బోర్డు చిప్‌లోనే కూర్చుంటాయి, డిస్కు తుడిచినా పోవు. కాకపోతే అలాంటివి బహు అరుదు. ఇప్పటివాటితో పెద్ద బాధ వేరే ఉంది. బ్రౌజర్లో దాచుకున్న పాస్‌వర్డులు ఎత్తుకుపోతాయి. విండోస్ ఎంత శుభ్రంగా వేసినా పోయిన పాస్‌వర్డు వెనక్కి రాదు. అందుకని మావాడికి ఆ రాత్రే చెప్పాను, ల్యాప్‌టాప్ ముట్టుకోకుండా ఇంకెవరి ఫోన్లోంచైనా, అమ్మ ఫోనైతే మరీ మంచిది, మెయిలు, బ్యాంకు పాస్‌వర్డులు మార్చి, లాగిన్ అయి ఉన్నచోటల్లా లాగవుట్ చెయ్యమని.

మర్నాడు చిట్టా ఫొటో వచ్చింది. ప్రాజెక్టు రిపోర్టు, నోట్సులు, అక్క పెళ్ళి ఫొటోలు. ఆఖర్న 'సెటప్స్ ఫోల్డర్, 60 జీబీ'.

ఫోన్ చేశాను. 'ఆ ఆఖరిది కొట్టెయ్' అన్నాను.

'బాబాయ్, అందులో అన్నీ క్రాక్ చేసినవి ఉన్నాయి. కొనాలంటే ఎంతవుతుందో తెలుసా?'

'తెలుసు. ఈ వైరస్ వచ్చింది అందులోంచేనా?'

'ఒక వీడియో ఎడిటర్ది అనుకుంటా.'

'ఆ సెటప్ ఎవరెవరికిచ్చావ్?'

అటువైపు నిశ్శబ్దం. ఫ్యాన్ తిరుగుతున్న చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

'రూమ్మేట్లు ఇద్దరికి. ఇంకొకటి...'

'ఊఁ.'

'మా ప్రాజెక్టు సార్‌కి.'

'వాళ్ళు ముగ్గురూ ఈ ఆదివారం ఖాళీగా ఉంటారేమో కనుక్కో' అన్నాను.